అంచు పట్టీ కింద మిగిలిన గులాబీ రంగు: నాలుగు ఫ్రెంచ్ కుర్చీల కేస్ స్టడీ

కుర్చీ సీటు అంచున ఉన్న పట్టీని ఒక మూల రెండు అంగుళాల మేర లేపి చూశాను. పైన వెలుగు తగిలే చోట ఎండుగడ్డి రంగులో కనిపిస్తున్న రిబ్బను డిజైన్, పట్టీ కిందకి వెళ్ళేసరికి గులాబీ రంగులో ఉంది. అప్పుడే అద్దకం తొట్టిలోంచి తీసిన పట్టుకి ఉండే, కాస్త నారింజ మెరుపున్న గులాబీ. అదే దారం, అదే గొలుసు కుట్టు. ఆ వేలెడు గుడ్డ మీద 200 ఏళ్ళకు పైగా ఎండ పడలేదు, తేడా అంతే.

ఇంటావిడ నా పక్కనే నిలబడి ఉన్నారు. "అయితే మా కుర్చీలు గులాబీ రంగువా?" అని అడిగారు. ఆ ప్రశ్నకి సరైన జవాబు చెప్పడానికి నాకు 14 నెలలు పట్టింది. ఆ పని ఎలా నడిచిందో, ఎక్కడ పొరబడ్డానో ఇక్కడ రాస్తున్నాను. ఫ్రాన్స్‌లో పాత వస్త్రాల కన్జర్వేటర్‌గా పనిచేస్తున్నాను. పాతదాన్ని కొత్తగా మార్చడం నా పని కాదు. ఉన్నది ఉన్నట్టుగా ఇంకొన్ని తరాలు నిలిచేలా చూడటం నా పని. కుర్చీలు లువార్ నది లోయలోని ఒక పాత కుటుంబ భవనానివి. వాళ్ళ కోరిక మేరకు పేరు, ఊరు రాయడం లేదు.

మొత్తం నాలుగు కుర్చీలు. రెండు చేతులున్నవి, రెండు లేనివి. బీచ్ కలప, దాని మీద బూడిద కలిసిన తెలుపు రంగు. వీపు భాగం కోడిగుడ్డు ఆకారంలో ఉండి, కూర్చున్నవాళ్ళ వెన్నుకి తగినట్టు కొంచెం లోపలికి వంగి ఉంటుంది. దీన్ని కాబ్రియొలే వీపు అంటారు. కాళ్ళు నిటారుగా, కిందకి సన్నబడుతూ, నిలువు గాడులతో ఉన్నాయి. 1738లో హెర్క్యులేనియంలో, 1748లో పాంపేలో తవ్వకాలు మొదలయ్యాక, ప్రాచీన రోమ్, గ్రీస్ రూపాల మీద ఐరోపా అంతటా మోజు పెరిగింది. ఫ్రెంచ్ ఇళ్ళలో అంతకుముందున్న వంపు కాళ్ళు, మెలికలు పోయి ఇలాంటి తిన్నని గీతలు వచ్చాయి. 16వ లూయీ కాలానికి అది అందరి అభిరుచీ అయిపోయింది. ఈ కుర్చీల మీద చేసినవాళ్ళ ముద్ర గానీ, రాజభవనాల సామానుకి కాల్చి వేసే గుర్తు గానీ లేవు. పారిస్ గిల్డులోని, అంటే వృత్తి సంఘంలోని పనివాళ్ళు తమ పేరు ముద్ర వేయాలని నియమం ఉండేది కాబట్టి ఇవి పారిస్ బయట చేసినవేమో అనుకోవచ్చు. అంతకుమించి తేల్చడానికి ఆధారం లేదు.

నా అసలు పని చెక్క మీద కాదు, గుడ్డ మీద. దంతపు తెలుపు రంగు పట్టు, గ్రో ద తూర్ అనే నేత. పేకని ఒక్కో సందులో రెండేసి పోగులుగా వేస్తారు, అందుకే గుడ్డ మీద సన్నటి అడ్డగీతలు తేలతాయి. ఆ నేల మీద పూర్తిగా సూదిపనే. సీటు మీద గులాబీల బుట్ట, చుట్టూ ఆకుల దండ. వీపు మీద రిబ్బను ముడి, దాని నుంచి వేలాడే గడ్డి టోపీ, తోటపని చేసే పంగలకర్ర. చేతులు ఆన్చే చిన్న దిండ్ల మీద ఒక్కో రెమ్మ. రిబ్బన్లు, కాడలు, ఆకులు గొలుసు కుట్టు. గులాబీ రేకులు మాత్రం పొడుగూ పొట్టీ పోగులు ఒకదానిలోకి ఒకటి దూరే కుట్టుతో, ముదురు నుంచి లేతకి జారే నీడలతో ఉన్నాయి.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి, ఎందుకంటే ఫోటోల్లో చూసి చాలామంది పొరబడతారు. వెర్సాయ్ రాజభవనంలో 16వ లూయీ రాణి మరీ ఆంత్వానెత్ పడకగదిలో కనిపించే పువ్వులు, నెమలి ఈకల పట్టు కుట్టుపని కాదు. లియోన్ మగ్గాల మీద నేతలోనే పువ్వు తీసిన గుడ్డ అది. ఉప్పాడ చీరలో బుటా నేతలో పుడుతుంది, మగ్గం వర్క్ జాకెట్టు మీద పువ్వు తర్వాత వచ్చి కూర్చుంటుంది. అలాంటి తేడాయే ఇది కూడా. నేసిన గుడ్డయితే తాను నుంచి కోస్తారు, డిజైన్ మళ్ళీ మళ్ళీ వస్తుంది, తపీసియే దాన్ని కుర్చీ మధ్యకి వచ్చేలా సర్దుకుంటాడు. తపీసియే అంటే కుర్చీలకి దిండు కట్టి గుడ్డ బిగించే పనివాడు. కుట్టుపని తొడుగుకి ముందే సీటుకి ఒక బొమ్మ, వీపుకి ఒక బొమ్మ, చేతికి ఒక బొమ్మ గీస్తారు. గీసేవాడికి కుర్చీ కొలతలు తెలిసి ఉండాలి. కాబట్టి గుడ్డని వదిలి చెక్కని గానీ, చెక్కని వదిలి గుడ్డని గానీ చదవలేం. ఈ కేసులో నేను చేసిన తప్పు, తర్వాత దొరికిన జవాబు, రెండూ ఇక్కడి నుంచే వచ్చాయి.

రాణి చేతి కుట్టు అన్న మాట

ఇంట్లో తరతరాలుగా ఒక మాట ఉంది. ఈ తొడుగులు రాణి మరీ ఆంత్వానెత్ స్వయంగా కుట్టి, తమ పూర్వీకురాలికి కానుకగా ఇచ్చిందని. ఇలాంటి మాటలని నేను తేలిగ్గా తీసిపారేయను. రాణి నిజంగానే బాగా సూదిపని చేసేది. సేన్-క్లూ భవనంలో ఆమె గది కోసం 1788లో జాన్-బతీస్త్-క్లోద్ సెనే చేసిన దివాను, కుర్చీ ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. బంగారు పూత పూసిన అంత వైభవమైన చెక్కపనికి, తెల్లటి నూలు గుడ్డ మీద పట్టుదారంతో చిన్న పువ్వులు కుట్టిన తొడుగు వేశారనీ, ఆ కుట్టు రాణిదేననీ అప్పటి ఇన్వెంటరీలో నమోదైంది. ఆ భవనం 1870లో కాలిపోయింది.

విప్లవకాలంలో, 1793 ఆగస్టు నుంచి 1794 ఆగస్టు దాకా వెర్సాయ్ సామాను వేలం వేశారు. 17,182 లాట్లు అమ్ముడుపోయాయి. కుర్చీ ఒక ఇంటికి, దాని తొడుగు ఇంకో ఇంటికి చేరడం అప్పుడు మామూలే. కాబట్టి రాజభవనపు కుట్టు ఒక పల్లె భవనంలో దొరకడం అసాధ్యమేమీ కాదు.

కానీ గుడ్డ వేరే మాట చెప్పింది. దారాలు రాలిపోయిన చోట్ల పట్టు మీద చిన్న చిన్న చుక్కల వరుసలు, వాటిని కలుపుతూ సన్నటి సిరా గీత కనిపించాయి. కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, గుడ్డ మీద పరిచి, పొడి రుద్ది దించిన గుర్తులవి. నాలుగు సీట్ల మీదా చుక్కల మధ్య దూరాలు ఒకటే, అంటే ఒకే కాగితంతో నాలుగుసార్లు దించారు. పైగా కుడివైపు గులాబీల్లో నీడ పడే తీరు ఒకటి, ఎడమవైపు వాటిలో ఇంకొకటి. కనీసం రెండు చేతులు పనిచేశాయి. ఇది జీతానికి పనిచేసే కార్ఖానా పద్ధతి. ఇంటావిడకి ఈ సంగతి చెప్పేటప్పుడు బాధేసింది. "మదామ్, రాణి కాదు. కానీ కనీసం ఇద్దరు చాలా గొప్ప పనివాళ్ళు" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్ళ పేర్లు తెలుసుకోవచ్చా?" అన్నారు. తెలుసుకునే దారి లేదు.

పెద్దమ్మ మగ్గం

ఆ చుక్కలు చూడగానే నాకు గుంటూరులో మా పెద్దమ్మ షాపు గుర్తొచ్చింది. ట్రేసింగ్ పేపర్ మీద జాకెట్టు చేతుల డిజైన్ గీసి, సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిలు కలిపిన పొడిని గుడ్డముక్కతో రుద్దేది. తర్వాత గుడ్డని చెక్క ఫ్రేముకి డప్పులా బిగించి, కొక్కెం మొన ఉన్న ఆరీ సూదితో పైనుంచి గుచ్చి, కింద ఎడమచేత్తో పట్టుకున్న దారాన్ని ఉంగరంలా పైకి లాగేది. ఆ ఉంగరంలోంచి ఇంకో ఉంగరం. గొలుసు.

ఈ కుర్చీల మీద గొలుసు కుట్టు సరిగ్గా ఆ పనే. ఫ్రెంచ్‌వాళ్ళు తంబూర్ అన్నారు, అంటే డప్పు. 1770లో రాజుగారి డిజైనర్ షార్ల్-జెర్మెన్ ద సేంతోబాన్ ఎంబ్రాయిడరీ వృత్తి మీద రాసిన గ్రంథంలో, ఇది తూర్పు దేశాల నుంచి కొత్తగా వచ్చిన పద్ధతి అని చెప్పాడు. ఆయన చైనా పేరు చెప్పాడు. కొక్కెంతో గొలుసు కుట్టు కుట్టిన గుజరాత్ గుడ్డలు మాత్రం 17వ శతాబ్దం నుంచే ఓడల్లో ఐరోపాకి వెళుతూ ఉండేవి. నేను చైనా కంటే అటే మొగ్గుతాను.

ఇది సెంటిమెంటు కోసం రాయడం లేదు, పనిలో తేడా తెచ్చిన విషయం కాబట్టి రాస్తున్నాను. ఫ్రాన్స్‌లో ఇప్పుడు కొక్కెం సూది నేర్పేది ఎక్కువగా లూనెవిల్ పద్ధతిలో. అది 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో పూసలు కుట్టడానికి పెరిగిన పద్ధతి, గుడ్డ వెనకవైపు పైకి పెట్టి కుడతారు. 18వ శతాబ్దపు తంబూర్ గుడ్డ ముఖం మీదనుంచే కుట్టేది, మా పెద్దమ్మ కుట్టినట్టే. ఏ వైపు నుంచి గుచ్చారో తెలిస్తే దారం మొదలు ఎక్కడ, కొస ఎక్కడ అన్నది తెలుస్తుంది. గొలుసు కుట్టుకి అదే ప్రాణం. కొస వైపు తెగితే ఒక్క లాగుతో జాజిదండ ఊడినట్టు మొత్తం ఊడిపోతుంది. మొదలు వైపు లాగితే ఊడదు. ఏ తెగిన చోటు ప్రమాదకరం, ఏది కాదు అన్నది కుట్టు దిశ చెప్పేస్తుంది.

పొరబాటు

చేతుల కుర్చీ సీటు తొడుగు విప్పినప్పుడు, రెండు పక్కలా, ముందు, మూడున్నర సెంటీమీటర్ల అతుకులు కనిపించాయి. అదే దంతపు రంగు పట్టు, కానీ మిషన్ కుట్టు. అంటే 1850లకి ముందుది కాదు. మడతల వెంట ఆ అతుకులు బ్లేడుతో కోసినట్టు చీలిపోయి ఉన్నాయి. పరికరంతో చూస్తే తగరం కనిపించింది. 19వ శతాబ్దం చివర్లో పట్టుకి బరువు రావడానికి తగరపు లవణాలు ఎక్కించేవారు, అలాంటి పట్టు లోపలినుంచే చితికిపోతుంది.

నేను తొందరపడ్డాను. గుడ్డ చిన్నది, కుర్చీ పెద్దది, కాబట్టి తొడుగు వేరే చిన్న కుర్చీది, తర్వాతెప్పుడో ఇక్కడికి తెచ్చి అతుకులు వేశారు అని మధ్యంతర రిపోర్టులో రాసేశాను. ఇంటావిడకీ అదే చెప్పాను. రాణి కథ పోయిన నెలరోజులకే, "ఇవి అసలు ఈ కుర్చీలవే కావేమో" అన్న మాట. ఆ రిపోర్టు పంపిన తర్వాత వీపు భాగం విప్పాను. అక్కడ అతుకులు లేవు. ఆకుల దండ వంపు చెక్క అండాకారానికి ఎక్కడా తేడా లేకుండా సరిపోయింది. గుడ్డ అంచున ఉన్న పాత మేకు చిల్లులనీ, చెక్కలోని పాత చిల్లులనీ పారదర్శక కాగితం మీద దించి ఒకదాని మీద ఒకటి పెడితే, తొలి వరుస కలిసిపోయింది. వీపు తొడుగు ఈ కుర్చీ కోసమే పుట్టింది. మరి సీటు?

జవాబు దిండులో ఉంది. సీటు కింద నవారు పట్టీలు, వాటి మీద తొమ్మిది స్ప్రింగులు, పైన గుర్రపు వెంట్రుకలు. ఫ్రాన్స్‌లో కుర్చీలకి స్ప్రింగులు వాడకంలోకి వచ్చింది 1830ల తర్వాతే. 18వ శతాబ్దపు సీటు ఇలా ఉండదు. ఫ్రేము మీద పట్టీలు బిగువుగా అల్లి, నారగుడ్డ పరిచి, గుర్రపు వెంట్రుకలు పేర్చి, అంచుల్ని దారంతో గట్టిగా కుట్టి, పలచగా, దాదాపు బల్లపరుపుగా కడతారు. స్ప్రింగులు పెట్టాక సీటు బోర్లించిన బాణలిలా ఉబ్బింది. ఉబ్బిన సీటుని కప్పడానికి అదే గుడ్డ చాలలేదు, అందుకే అతుకులు. లోపల స్ప్రింగులు లేని సీటు ఎత్తుకి అట్టముక్కలతో ఒక నమూనా చేసి, అతుకులు లేని తొడుగు కాగితపు కొలతని దాని మీద పరిచాను. నాలుగు వైపులా సరిగ్గా కూర్చుంది. ఆకుల దండ ఫ్రేము అంచుకి సమానదూరంలో నిలిచింది.

రెండో రిపోర్టులో మొదటిది తప్పని స్పష్టంగా రాసి, కారణం వివరించి పంపాను. ఆ రోజు నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఇంటావిడ ఫోన్ చేసి, "మీరు తప్పు అని రాసిన కాగితాన్ని దాచుకుంటున్నాను" అన్నారు.

బుట్టలోని గులాబీలు మధ్యలో ఎందుకు అంతగా అరిగాయో కూడా దీనితో తేలిపోయింది. ఉబ్బు మీద గుడ్డ లాగుడులో ఉంటుంది, కూర్చున్న ప్రతిసారీ బరువంతా ముందు ఆ మధ్య భాగం మీదే పడుతుంది. బల్లపరుపు సీటులో ఆ బరువు పరుచుకుంటుంది.

రంగుల లెక్క

దారాల నుంచి కొన్ని మిల్లీమీటర్ల పోగులు తీసి ప్రయోగశాలకి పంపాను. రిబ్బను గులాబీ రంగు కుసుమ పువ్వుది. మన దగ్గర గింజల నూనె కోసం పండించే కుసుమే. రేకుల్లోని పసుపుని ముందు నీళ్ళతో కడిగేసి, క్షారంతో ఎరుపుని తీసి, పులుపు తగిలించి పట్టు మీదకి ఎక్కిస్తారు. అందమైన గులాబీ వస్తుంది, కానీ వెలుగుకి అంత త్వరగా పోయే రంగు తక్కువ. గులాబీ పువ్వుల ఎరుపు కొచినీల్ పురుగుది, అందుకే అవి ఇంకా గులాబీగానే ఉన్నాయి. ఆకులది ఇంకో కథ. ఆకుపచ్చ కోసం నీలిమందు మీద గోద్ అనే మొక్క పసుపు వేశారు. పసుపు ఎగిరిపోయింది, నీలం మిగిలింది. ఆ ఇంట్లో వాళ్ళకి ఎప్పుడూ నీలి ఆకులే తెలుసు. అదేదో కళాత్మకమైన ఎంపిక అనుకున్నారు.

కొమ్మల గోధుమరంగు దారం చాలాచోట్ల పూర్తిగా లేదు. ఇనుము, టానిన్ కలిపి వేసే ఆ ముదురు అద్దకం పట్టుని తినేస్తుంది. మిగిలింది కొక్కెం సూది గుచ్చిన చిల్లుల వరుస. వాటిని భూతద్దంలో లెక్కపెట్టుకుంటూ పోతే కొమ్మలు మళ్ళీ కనిపించాయి. సెంటీమీటరుకి 9 నుంచి 11 గొలుసులు. మంచి మగ్గం పనివాళ్ళు కూడా ఆ లెక్క వినగానే ఒక్క క్షణం ఆగుతారు.

పట్టు నేల మీద, ఆకుల మధ్యలో ఖాళీ ఎక్కువగా ఎందుకు వదిలారో రంగులు తెలిశాకే నాకు అర్థమైంది. కుసుమ గులాబీ, పచ్చ, తెలుపు. వెర్సాయ్ తోటలోని త్రియానోన్ భవనంలో ఆనాటి రాణి గది కోసం జార్జ్ జాకబ్ 1787లో చేసిన గోధుమ వెన్నుల కుర్చీలకి కూడా తెల్లటి నూలు గుడ్డ మీద రంగు ఉన్నితో పువ్వులు కుట్టిన తొడుగే, లియోన్‌లోని దెఫార్జ్ సంస్థ పంపినది. తోట గాలి గదిలోకి వచ్చినట్టుండాలన్నది ఆ దశాబ్దపు కోరిక. పాలిపోయిన రంగులు చూసి ఆ కాలపు అభిరుచి సౌమ్యమైనది, మెత్తనిది అని రాసేవాళ్ళని చదివినప్పుడల్లా ఈ పట్టీ కింది వేలెడు గుడ్డ చూపించాలనిపిస్తుంది.

చేసిన పని

నీళ్ళతో ఉతకడం మొదటి రోజే వద్దనుకున్నాను. కుసుమ రంగు క్షారానికి నిలవదు, తడి దూది ఆనిస్తే నీలం కూడా కొంచెం అంటింది. నైలాన్ వల పరిచి, తక్కువ పీల్పు ఉన్న వాక్యూమ్‌తో దుమ్ము తీశాను. ఒక్కో సీటుకి రెండు రోజులు. తర్వాత ఆవిరిని మాత్రమే పోనిచ్చే పొర కింద గుడ్డకి తేమ అందించి, మడతల్ని గాజు బరువులతో నెమ్మదిగా చదును చేశాను.

కష్టమంతా వీపు తొడుగుల దగ్గరే. 20వ శతాబ్దంలో ఎవరో పట్టు వెనక నూలుగుడ్డని సింథటిక్ జిగురుతో అంటించారు. మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు, అప్పట్లో అది వాడుకలో ఉన్న పద్ధతి. కానీ జిగురు పసుపెక్కి, పట్టుని అట్టలా బిగిసేలా చేసింది. ద్రావకాన్ని నేరుగా పోస్తే జిగురు కరిగి కుట్టుదారాల్లోకి పాకుతుంది. అందుకే తపాలా బిళ్ళంత చోటు తీసుకుని, ద్రావకపు ఆవిరి మాత్రమే తగిలేలా చేసి, మెత్తబడ్డాక ఎముక పలకతో నూలుని తీస్తూ వెళ్ళాను. ఒక్క వీపుకి ఐదు వారాలు. గడ్డి టోపీ కింద అరచేతిలో సగమంత చోట జిగురు వదల్లేదు. లాగితే పట్టు వచ్చేసేలా ఉంది. దాన్ని అలాగే వదిలేశాను, తొడుగుల్లో దెబ్బతిన్న చోట్లు గుర్తుపెట్టే మ్యాపు మీద గుర్తించి.

బలహీనపడ్డ పట్టు కింద, రంగు కలిపి అద్దిన కొత్త పట్టుగుడ్డ ఆసరాగా వేశాను. చిరిగిన అంచుల్ని వెంట్రుకంత పట్టు పోగుతో, వంపు సూదితో, పైనుంచి అడ్డంగా పరిచి అక్కడక్కడా చిన్న కుట్టు వేసి నిలబెట్టాను. గులాబీ రేకులు రాలే చోట మాత్రం పైన క్రెపెలిన్ కప్పాను. లియోన్‌లో నేసే, దాదాపు కంటికి ఆనని పట్టు జాలి అది. ఇక గొలుసు కొసలు. దిశ చూసుకుని, ఊడే వైపున్న ప్రతి తెరిచిన ఉంగరాన్నీ ఒక్కొక్క కుట్టుతో ఆపాను. చేతులున్న కుర్చీలు రెండింటి మీదా కలిపి 600 చోట్ల. ఈ పని చేస్తున్నప్పుడే పెద్దమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. చూసీ చూడగానే, "కొస ముడి గట్టిగా వేయలేదమ్మా, తొందరలో ఉన్నారు పాపం" అంది. వెనక్కి తిప్పి చూస్తే ఎడమచేతి వైపు పనంతా అలాగే ఉంది. ఆ రెండో చేయి మనిషి గడువు ముంచుకొస్తుంటే కుట్టి ఉండాలి.

లేని కొమ్మల్ని తిరిగి కుట్టలేదు. పాత పట్టులో కొత్త చిల్లు పొడవడం నాకు ఇష్టం లేదు. కింద వేసిన ఆసరా గుడ్డ మీద, చిల్లుల వరుస పడే చోట సన్నటి గోధుమరంగు గీత అద్దించాను. రెండడుగుల దూరం నుంచి కొమ్మ కనిపిస్తుంది, దగ్గరికి వస్తే గీత అని తెలిసిపోతుంది.

చెక్కలో ఇక ఒక్క మేకు కూడా దిగకూడదనుకున్నాం, ఇప్పటికే ఫ్రేము అంచు జల్లెడలా ఉంది. స్ప్రింగులు తీసి, చీటీ కట్టి పెట్టెలో పెట్టాం. ఫ్రేములో వదులుగా కూర్చునే పలక, దాని మీద 18వ శతాబ్దపు ఎత్తుకి చెక్కిన పాలీఇథిలీన్ ఫోమ్, పాలియెస్టర్ ఫెల్ట్, నూలుగుడ్డ. తొడుగు అంచులకి నూలు పట్టీలు కుట్టి, అవి పలక కింద వెల్‌క్రోతో పట్టుకునేలా చేశాను. మిషన్ అతుకులు తీసేశాను గానీ పారేయలేదు. అవి కూడా ఈ కుర్చీ చరిత్రే.

నాలుగింటికీ ఒకే పని చేయలేదు. చేతులు లేని కుర్చీల్లో ఒకదాన్ని అసలు విప్పనే లేదు. దుమ్ము తీసి, స్ప్రింగులతో, అతుకులతో అలాగే ఉంచాను. నా లెక్క తప్పయితే రేపు ఇంకెవరైనా దాన్ని విప్పి నన్ను సరిదిద్దాలి కదా. రెండోదాని తొడుగు తీసి సొరుగులో చదునుగా భద్రపరిచి, స్ప్రింగుల మీద మామూలు నూలుగుడ్డ వేశాం, ఇంట్లోవాళ్ళు కూర్చోవడానికి. కూర్చోలేని కుర్చీలు నాలుగు ఇంట్లో పెట్టుకోమని చెప్పడం నాకు న్యాయంగా అనిపించలేదు.

కిటికీలో పెట్టిన ముక్క

ఇంటావిడ మొదటి నుంచీ ఒకటి అడుగుతున్నారు. అసలు తొడుగులు దాచేసి, అసలు రంగుల్లో కొత్తవి కుట్టించి వేయొచ్చు కదా అని. తప్పు కోరిక కాదు. ఫ్రెంచ్ రాజభవనాల్లో ఆధారాలు గట్టిగా ఉన్నచోట పాత గుడ్డల్ని లియోన్‌లో మళ్ళీ నేయించి వేశారు, ఫోంతెన్‌బ్లోలో రాణి పడకగది అలా నిలిచిందే. నాకు ఒకే సందేహం, అది ఆవిడకి మాటల్లో చెప్పలేకపోయాను.

అందుకని ఒక జానెడు ముక్క కుట్టాను. అలాంటి పట్టు మీద, కుసుమతో అద్దిన దారంతో, పెద్దమ్మ పంపిన ఆరీ సూదితో, ముఖం వైపు నుంచి. రిబ్బను ముడి, రెండు ఆకులు. సగాన్ని నల్లకాగితంతో కప్పి, ఆ గదిలోనే దక్షిణపు కిటికీలో పెట్టమన్నాను. జూన్ మొదట్లో పెట్టారు. ఆగస్టు చివర కాగితం తీసి చూస్తే, కప్పని సగం అప్పటికే గడ్డిరంగు వైపు సగం దారి నడిచేసింది.

ఆవిడ ఆ ముక్కని చాలాసేపు చేతిలో పట్టుకున్నారు. కొత్త తొడుగుల సంగతి మళ్ళీ ఎత్తలేదు. కుర్చీల్ని ఉత్తరం వైపు గదిలోకి మార్పించారు, చెక్క తలుపులు మూసి వెలుగు 50 లక్స్ దాటకుండా ఏర్పాటు చేసుకున్నారు. ఎవరూ లేనప్పుడు కప్పడానికి గళ్ళ నూలుగుడ్డతో వదులు తొడుగులు కుట్టించాం. 18వ శతాబ్దపు ఇళ్ళలో మంచి కుర్చీలకి రోజువారీగా అలాంటివే వేసి ఉంచేవారు, అతిథులు వచ్చినప్పుడు తీసేవారు. ఆ జానెడు ముక్క ఇప్పుడు కుర్చీ పక్కన సొరుగులో ఉంది. ఎవరైనా రంగు గురించి అడిగితే తీసి చూపిస్తారు.

ఆరు నెలల తర్వాత తనిఖీకి వెళ్ళాను. ఫోమ్ కుంగలేదు, వెల్‌క్రో పట్టు వదల్లేదు, గదిలో తేమ 48 నుంచి 55 శాతం మధ్య ఉంది. రెండో చేతుల కుర్చీ సీటు మీద, ఎడమవైపు ఆకు దగ్గర, నేను చూడకుండా దాటిపోయిన ఒక గొలుసు కొస లేచింది. నాలుగు ఉంగరాలు ఊడాయి. పెద్దమ్మ చెప్పిన ఆ రెండో చేయి మనిషి కుట్టిన భాగమే. కిటికీ తలుపు కొద్దిగా తెరిపించుకుని, ఐదో ఉంగరాన్ని పట్టు పోగుతో ఆపి, ఊడిన దారాన్ని పాత చిల్లుల వెంట పరిచి అక్కడక్కడా చిన్న కుట్టు వేశాను. మ్యాపులో ఆ చోటుకి 601 అని నంబరు వేశాను.